ఊరు అడిగిన ప్రశ్నతో మొదలు: ఆదివాసీ గూడేల్లో ఆరోగ్య పరిశోధన చేసే పద్ధతి

ఏజెన్సీలో ఏ గూడేనికైనా వెళ్లినప్పుడు తలుపు పక్క గోడను ఒకసారి చదవండి. దోమల మందు కొట్టినవాళ్లు రాసిన తేదీ, పోలియో చుక్కలవాళ్ల సుద్దముక్క గుర్తు, ఎప్పటిదో ఇంటి నంబరు, ఏ సర్వేదో తెలియని రెండక్షరాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఇన్నిసార్లు లెక్క రాసుకుని వెళ్లినవాళ్లలో ఆ లెక్క ఏమైందో తిరిగి వచ్చి చెప్పినవాళ్లు ఎందరని ఆ ఇంటి అవ్వను అడగండి. నవ్వి ఊరుకుంటుంది.

ఆ నవ్వును దృష్టిలో పెట్టుకుని రాస్తున్న మార్గదర్శి ఇది. వైద్య కళాశాలల్లో ప్రజారోగ్యం చదివేవారికి, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికి ఉపయోగపడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, తమ ఊరి జబ్బుల లెక్క తామే తీయాలనుకునే ఆదివాసీ యువతకు పనికొస్తుంది. వారు ఈ అడుగులను తమవైపు నుంచి చదువుకుని, బయటి నుంచి వచ్చేవాళ్లను ఏమేం అడగాలో రాసిపెట్టుకోవచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గిరిజనులు 10 కోట్లకు పైగా, అంటే 8.6 శాతం. మలేరియా మరణాల్లో మాత్రం దాదాపు సగం వారివేనని డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన పనిచేసిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక చెప్పింది. ఇంత తేడా ఉన్నచోట పరిశోధన అవసరమే. అది ఎవరి చేతుల్లో నడవాలన్నదే ఇక్కడి విషయం.

జరిగిన రెండు సంగతులు

మొదటిది మన దగ్గరే జరిగింది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం సహా మూడు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలు. తల్లిదండ్రులు ఎక్కడో కొండ మీద ఉంటారు కనుక సమ్మతి పత్రాల మీద ఎన్నోచోట్ల హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ అధ్యయనాన్ని ఆపేసింది. విచారణ సంఘం టీకా వేసుకున్న పిల్లల్లో కొందరి మరణాలకు ఆ టీకాతో సంబంధం ఉన్నట్టు తేల్చలేదు కానీ, సమ్మతి తీసుకున్న తీరులో లోపాలను ఎత్తిచూపింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం మరింత గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను నివారిస్తుందని ప్రపంచమంతా ఒప్పుకుంది. అంత మంచి టీకాకు చెడ్డపేరు తెచ్చింది సంతకం పెట్టించిన పద్ధతి.

రెండోది అమెరికాలో, గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున ఉండే హవసుపాయి తెగవారిది. మధుమేహం గురించి తెలుసుకోవడానికని 1990ల మొదట్లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వారి రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తం మీద మనోవ్యాధి, రక్తసంబంధీకుల వివాహాలు, పూర్వీకుల వలసలు వంటి అంశాలపై వారికి చెప్పకుండానే అధ్యయనాలు సాగాయి. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జాతి గురించి, ఎక్కడి నుంచో వలస వచ్చారని వారి రక్తంతోనే రాయడం వారిని అన్నిటికన్నా ఎక్కువ బాధించింది. కోర్టు వ్యాజ్యాల తర్వాత 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది. తెగ ప్రతినిధులు వెళ్లి తమవారి రక్తాన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

మొదటి అడుగు: ఎవరిని, ఏ వరుసలో అడగాలి

చాలామంది ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి దగ్గర కాగితం తీసుకుని, దాన్ని చూపిస్తూ ఊళ్లోకి దిగుతారు. కాగితం అవసరమే కానీ దాన్ని ముందు చూపిస్తే ఊరు ‘సరే’ అనక తప్పదు. అలా వచ్చిన సరే పనికిరాదు. ముందు చేతులు ఊపుకుంటూ వెళ్లండి. కులపెద్దనో పటేల్‌నో కలవండి. విశాఖ మన్యంలో దిశారి, ఆదిలాబాద్ గోండుల్లో దేవారి వంటి పెద్దల మాటకు ఉన్న బరువు సర్పంచి మాటకు ఉండకపోవచ్చు. ఆశా కార్యకర్తను, మంత్రసానిని, మహిళా సంఘాన్ని విడివిడిగా కలవండి. మగవాళ్లు కూర్చున్న చోట ఆడవాళ్లు ప్రసవాల గురించి నోరు విప్పరు.

ఆ తర్వాత గ్రామసభ. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. పంచాయతీ కేంద్రంలో పెట్టిన సభకు పైకొండ గూడేలవాళ్లు రాలేరు కనుక గూడెం స్థాయిలోనే సభ పెట్టమని అడగండి. ఒక్క సభలో తేల్చేయాలని చూడకండి. మొదటిసారి చెప్పి వచ్చేయండి, వాళ్లు నాలుగు రోజులు మాట్లాడుకోనివ్వండి, రెండోసారి వెళ్లండి. ‘వద్దు’ అనే హక్కు వారికి ఉందని సభలో పైకి చెప్పండి. వద్దంటే రేషన్, పింఛను, ఆసుపత్రి సేవల్లో దేనికీ అడ్డు రాదని కూడా చెప్పాలి. ఆ అనుమానం అడగకుండానే ఉంటుంది.

రెండో అడుగు: ప్రశ్న ఎవరిది?

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మొత్తం పరిశోధన విలువ దీని మీదే ఆధారపడుతుంది.

సాధారణంగా నిధులు ప్రశ్నతో పాటే వస్తాయి. ఉదాహరణకు సికిల్ సెల్ తీసుకుందాం. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు ఇది. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ ప్రారంభించింది. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం లక్ష్యం. అవసరమైన కార్యక్రమమే. అయితే మీరు సికిల్ సెల్ కిట్లు సంచిలో వేసుకుని వెళ్లిన గూడేనికి డోలీ మోత పెద్ద బాధ అయివుండవచ్చు. నొప్పులు మొదలైన మనిషిని కర్రకు కట్టిన దుప్పటిలో రోడ్డు దాకా మోసుకెళ్లడం వాళ్లకు నిత్యానుభవం. ‘మాకు రక్తపరీక్ష ఎందుకు, దారి కావాలి’ అంటే ఏం చేస్తారు?

విని రాసుకోవాలి. ఆ తర్వాత ఆ మాటను పరిశోధన ప్రశ్నగా మార్చాలి. నొప్పులు మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరడానికి ఏ నెలలో ఎన్ని గంటలు పడుతోంది? ఆలస్యం ఎక్కడ జరుగుతోంది: ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలోనా, దారిలోనా, ఆసుపత్రి వరండాలోనా? ప్రసవానికి ముందే కొండ దిగి వచ్చి ఉండే గర్భిణి వసతి గృహాలకు కొందరు ఎందుకు వెళ్లడం లేదు? ఇవన్నీ కొలవదగినవే. కొలిచాక కలెక్టరు ముందు పెట్టదగినవి కూడా.

ఊరి ప్రాధాన్యాలు తెలుసుకోవడానికి నాకు నచ్చిన పద్ధతి గింజల లెక్క. ఆడవాళ్ల గుంపు ఒకటి, మగవాళ్లది ఒకటి, పెళ్లికాని యువతీయువకులది ఒకటి వేరువేరుగా కూర్చుంటారు. ఊళ్లో వచ్చే బాధలు ఒక్కొక్కటీ చెప్పమంటే ఒక్కోదానికి నేల మీద ఒక గుర్తు పెడతారు. జ్వరానికి ఒక ఆకు, ఒంట్లో రక్తం లేకపోవడానికి పాలిపోయిన గులకరాయి, కాన్పు కష్టానికి చిన్న కర్ర, తాగుడికి బోర్లించిన సొరకాయ బుర్ర. ఒక్కొక్కరి చేతికి పది ఇప్పగింజలు ఇస్తే తమకు ఎక్కువనిపించిన చోట ఎక్కువ గింజలు పెడతారు. లెక్క వెంటనే రాసుకోకండి, కాసేపు చూడండి. ఎవరో ఒకామె కర్ర దగ్గర పెట్టిన రెండు గింజలు తీసి సొరకాయ బుర్ర దగ్గర పెడుతుంది. పక్కావిడ ‘ఎందుకే?’ అంటుంది. అప్పుడు మొదలయ్యే మాటలే అసలు సమాచారం. మగవాళ్ల గుంపులో సొరకాయ బుర్ర దగ్గర గింజలు తక్కువ పడితే ఆ తేడా కూడా సమాచారమే.

వైద్యులు తెచ్చిన ప్రశ్న, ఊరి ప్రశ్న ఒకటే అయిన సందర్భాలూ ఉన్నాయి. కెనడాలో మాంట్రియల్ దగ్గరి కానవాకె మోహాక్ సమాజంలో మధుమేహం ఎంత ఉందో 1980లలో అక్కడి వైద్యులు లెక్కతీసి ఆ ఊరివాళ్లకే చెప్పారు. మా పిల్లలకు ఇది రాకుండా ఏం చేయాలని పెద్దలు పట్టుబట్టడంతో 1994లో బడుల్లో మధుమేహ నివారణ కార్యక్రమం మొదలైంది. పరిశోధన నియమావళిని కూడా ఊరివాళ్లు కలిసి కూర్చుని రాసుకున్నారు.

మూడో అడుగు: జట్టు, డబ్బు

ఊరివాళ్లను ‘వాలంటీర్లు’ అని పిలిచి ఊరికే పని చేయించుకోవడం మర్యాద కాదు. లెక్క తీసేందుకు ఒక రోజు తిరిగిన అమ్మాయి ఆ రోజు ఉపాధి హామీ కూలీనో అడ్డాకుల సేకరణనో వదులుకుంది. దానికి తగ్గకుండా ఇవ్వాలి, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. జట్టులో సగానికి పైగా ఆ భాష మాట్లాడేవారే ఉండాలి. నిర్ణయాలు తీసుకునే కమిటీలోనూ అదే లెక్క. సమావేశం తెలుగులోనో ఇంగ్లీషులోనో నడిచి, వాళ్లు మూలన కూర్చుని తల ఊపే కమిటీ ఉన్నా లేనట్టే.

నిధులకు దరఖాస్తు రాసేటప్పుడే మూడు పద్దులు చేర్చండి: అనువాదం, ఫలితాలు ఊరికి తిరిగి చెప్పడం, జబ్బు బయటపడినవారిని ఆసుపత్రికి చేర్చడం. తర్వాత చేర్చుదాం అనుకున్న పద్దు ఎప్పటికీ చేరదు.

నాలుగో అడుగు: ఒప్పందం కాగితం మీద పెట్టండి

కెనడా ఆదిమ జాతులు 1998లో నాలుగు మాటల్లో ఒక సూత్రం చెప్పాయి. సమాచారం ఎవరి సొత్తు, దాని మీద పెత్తనం ఎవరిది, ఎవరు చూడవచ్చు, ఎవరి దగ్గర ఉండాలి అనే నాలుగింటికీ జవాబు ‘మా సమాజం’ అనే ఉండాలన్నాయి. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో తమ సొంత పరిశోధన నియమావళిని ప్రకటించారు. మన దగ్గర ఏ తెగకూ అలాంటిది కనబడదు కనుక గూడెం గూడేనికీ రాసుకోవాల్సిందే.

రెండు పేజీలు చాలు. తీసిన సమాచారం ఒక ప్రతి ఊరికి ఎక్కడ, ఏ రూపంలో ఉంటుందో రాయండి. రక్తమో లాలాజలమో తీస్తే ఏ పరీక్షకు, ఎన్నాళ్లు ఉంచుతారు, మిగిలినది ఎప్పుడు పారేస్తారు అన్నది రాయండి. వేరే పరీక్షకు వాడాలంటే మళ్లీ గ్రామసభకు రావాల్సిందే. వ్యాసం అచ్చుకు పంపేముందు కమిటీ చదివి అభిప్రాయం చెప్పడానికి ఇన్ని రోజులని గడువు పెట్టండి. ఫలితానికి ఊరు చెప్పే అర్థం, మీరు చెప్పే అర్థం వేరైతే రెండూ పక్కపక్కనే అచ్చవ్వాలి. ఊరికి నచ్చని ఫలితాన్ని తొక్కిపెట్టడం నేను ఒప్పుకోను. అలాగని ఊరి మాటను అధోజ్ఞాపికలోకి నెట్టేయడాన్ని కూడా ఒప్పుకోను.

మందుమొక్కల జోలికి వెళ్తే ఇంకా జాగ్రత్త కావాలి. కేరళలో కాణి తెగవారు అలసట తెలియకుండా నమిలే ఆరోగ్యపచ్చ మొక్క గురించి శాస్త్రజ్ఞులకు చెప్పారు. దాంతో తయారైన ‘జీవని’ మందుకు వచ్చిన లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణివారికి ఇవ్వాలని అక్కడి ఉష్ణమండల వృక్షశాస్త్ర సంస్థ ఒప్పుకుంది. మన దేశంలో లాభం పంచుకోవడానికి అది తొలి ఉదాహరణల్లో ఒకటి. అయితే డబ్బు అందుకోవడానికి కాణివారికి ట్రస్టు ఏర్పడేసరికే ఏళ్లు పట్టింది. కాబట్టి వాటా ఎంతో రాసుకుంటే చాలదు. ఎవరి పేరున ఏ ఖాతాలో పడుతుందో ముందే తేల్చుకోవాలి.

ఐదో అడుగు: ఎథిక్స్ కమిటీ

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు గిరిజనులను ప్రత్యేక రక్షణ కావాల్సిన వర్గాల్లో చేర్చాయి. పెద్దల అనుమతి వ్యక్తి సమ్మతికి బదులు కాదన్నది వాటిలో గుర్తుంచుకోవాల్సిన మాట. రెండూ కావాలి. విదేశీ నిధులో భాగస్వాములో ఉంటే ఆరోగ్యశాఖ పరిశీలన సంఘం ఆమోదం కూడా తీసుకోవాలి. పరిశోధన నీతిగా సాగుతుందో లేదో చూసి అనుమతి ఇచ్చే ఈ ఎథిక్స్ కమిటీలో ఆదివాసీ సభ్యులు లేకపోతే ఈ దరఖాస్తు వరకైనా ఒకరిని పిలవమని లిఖితపూర్వకంగా అడగండి.

ఆరో అడుగు: భాష, క్యాలెండరు

గిడుగు రామమూర్తి పంతులును వ్యావహారిక భాషోద్యమం వల్లే మనం ఎక్కువగా తలుచుకుంటాం. అంతకుముందే ఆయన పర్లాకిమిడి కొండల్లో సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటల్లో చదువు చెప్పించాలని తపించారు. ఆ కొండల్లో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ వల్లే ఆయనకు చెవుడు వచ్చిందంటారు. నూరేళ్లు దాటినా, సవర గూడెంలో తెలుగు ప్రశ్నావళి పట్టుకుని ‘అర్థమైందా?’ అని గట్టిగా అడిగే సర్వేలు ఇంకా నడుస్తున్నాయి.

ప్రశ్నావళిని ఒకరు తెలుగు నుంచి కువిలోకో కోయలోకో మార్చాలి. ఆ తెలుగు చూడని మరొకరు దాన్ని తిరిగి తెలుగులోకి తేవాలి. రెండు తెలుగులూ పక్కపక్కన పెడితే తేడాలు బయటపడతాయి. ‘నిరాశగా ఉందా?’ వంటి ప్రశ్న సరిగ్గా తిరిగి రాదు. అలాంటప్పుడు పదాన్ని వదిలేసి, ‘పొలానికి వెళ్లాలనిపించడం లేదా, ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదా’ అని అనుభవాన్ని అడగండి.

వయసుల దగ్గర చాలా సర్వేలు దెబ్బతింటాయి. ఆధార్‌లో అందరూ జనవరి ఒకటిన పుట్టినవారే. దీనికి ఊరి ఘటనల క్యాలెండరు తయారు చేసుకోండి. గోదావరి ఒడ్డున అయితే 1986 వరద, విశాఖ మన్యంలో 2014 హుద్‌హుద్ తుపాను, ఉద్దానం వైపు 2018 తిత్లీ తుపాను, అందరికీ కరోనా. ‘హుద్‌హుద్‌కు నీ బిడ్డ పాలు తాగుతున్నాడా, నడుస్తున్నాడా?’ అంటే తల్లి వెంటనే చెబుతుంది. ఏడాదిలో నెలలు పట్టుకోవడానికి కొత్త మామిడి పండగ, ఇటుకల పండగ, దండారి, నాగోబా జాతర ఉపయోగపడతాయి.

ఈ క్యాలెండరే మీరు ఎప్పుడు వెళ్లకూడదో కూడా చెబుతుంది. తునికాకు సేకరణ రోజుల్లో ఇళ్లు ఖాళీ. పండగ నాడు రక్తపరీక్ష తప్పు. వానాకాలం వెళ్లడం కష్టమని అందరూ వేసవిలోనే వెళ్తే మలేరియా లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఏడో అడుగు: సమ్మతి

నాలుగు పేజీల పత్రం చదివి వేలిముద్ర వేయించుకోవడాన్ని సమ్మతి అనలేం. మాట ఇలా సాగాలి:

‘అమ్మా, వేలి నుంచి కొంచెం రక్తం తీస్తాం. చిన్నగా గుచ్చుకుంటుంది. సికిల్ కణం ఉందో లేదో చూస్తాం. ఇంక దేనికీ వాడం.’

‘ఉంటే?’

‘రెండు రకాలమ్మా. ఒకటి జబ్బు. దానికి మందులున్నాయి, మేమే తీసుకెళ్లి చూపిస్తాం. రెండోది జబ్బు కాదు, ఒంట్లో ఆ గుణం ఉంటుంది, అంతే.’

‘గుణం ఉందని తెలిస్తే మా అమ్మాయిని ఎవరు చేసుకుంటారు?’

ఈ ప్రశ్నకు మీ దగ్గర నిజమైన జవాబు లేకపోతే ఆ సూది తీయకండి. ఫలితం ఎవరి చేతికి ఇస్తారు, పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లు కార్డు అడిగితే ఏం చెప్పాలి, ఇద్దరికీ ఆ గుణం ఉంటేనే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశమని ఊరందరికీ ఎలా చెబుతారు అన్నవి ముందే సిద్ధం చేసుకోవాలి. చివర్లో ‘నేను చెప్పింది మీ మాటల్లో ఒకసారి చెప్పండి’ అని అడగండి. ఆమె చెప్పగలిగితే అప్పుడు వేలిముద్ర. ఆశ్రమ పాఠశాల పిల్లలైతే తల్లిదండ్రుల ఊరికి వెళ్లాల్సిందే, ఎంత దూరమైనా. పిల్లల ఇష్టం కూడా వేరుగా అడగాలి.

ఎనిమిదో అడుగు: లెక్క తీయడం, దాచడం

ముప్పై ఇళ్ల గూడెంలో నమూనా తీయడం అనవసరం, అన్ని ఇళ్లూ తిరగండి. కొన్ని గూడేల్లో పని మొదలుపెట్టి కొన్నిటిని పోలిక కోసం ఉంచితే, వాటికీ అదే మేలు ఎప్పుడు అందుతుందో ముందే చెప్పండి.

పేరు తీసేస్తే గోప్యత వచ్చేసినట్టు కాదు. ‘ఇరవైనాలుగేళ్ల వితంతువు, ఇద్దరు పిల్లలు, క్షయ’ అని రాస్తే గూడెమంతా ఆమె ఎవరో చెప్పేస్తుంది. నాలుగైదు గూడేలు కలిపి లెక్క చూపండి. పట్టికలో ఏ గడిలోనైనా ఐదుగురికన్నా తక్కువ ఉంటే ఆ అంకె బయట పెట్టకండి. ఫోనులో తీసిన వివరాలకు తాళం ఉండాలి. ఊరి ఫొటోలు సొంత పేజీలో పెట్టుకునే అలవాటు మానాలి.

హిమోగ్లోబిన్ మరీ తక్కువ వచ్చిన గర్భిణిని చూసి, అంకె రాసుకుని పక్క ఇంటికి వెళ్లిపోయే సర్వేయరు కన్నా సర్వే లేకపోవడం నయం. ఆ రోజే ఏఎన్ఎంకు ఫోను చేయాలి, బండి పెట్టాలి.

తొమ్మిదో అడుగు: ఊళ్లోనే అర్థం చెప్పుకోవడం

పట్టికలు నగరానికి తీసుకెళ్లి విశ్లేషించే ముందు ఊళ్లో చాప పరిచి కూర్చోండి. ప్రతి అంకెను బొమ్మగానో రాళ్లుగానో పెట్టండి. పదిమంది గర్భిణుల్లో ఏడుగురికి రక్తం తక్కువని పది రాళ్లలో ఏడింటికి ఎర్రమన్ను పూసి చూపిస్తే చాలు. ‘ఇలా ఎందుకుంది?’ అని అడిగి ఊరుకోండి. ఇనుము మాత్రలు వేసుకోవడం లేదన్న మీ అంకెకు, అవి తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న భయమో, మాత్రలు వచ్చే రోజునే సంత కావడమో కారణమై ఉండవచ్చు. అది మీ కంప్యూటర్‌లో దొరకదు.

ఇక్కడి నుంచి పనికి దారి ఎలా వేయాలో ఏక్‌జుట్ సంస్థ జార్ఖండ్, ఒడిశాల్లో చూపించింది. ఆదివాసీలు ఎక్కువగా ఉన్న మూడు జిల్లాల్లో 2005 నుంచి స్థానిక మహిళలే నెలనెలా సంఘ సమావేశాలు నడిపారు. కథలు, బొమ్మల కార్డుల ఆటలతో తల్లీబిడ్డల సమస్యలు గుర్తించడం, వాటిలో ముఖ్యమైనవి ఎంచుకోవడం, తమకు చేతనైన పరిష్కారం అమలు చేయడం, ఏమైందో చూసుకోవడం వరుసగా సాగాయి. మూడేళ్లలో ఆ ప్రాంతాల్లో నవజాత శిశు మరణాలు పోలిక ప్రాంతాల కంటే 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. కొత్త మందు, కొత్త యంత్రం ఏదీ లేదు. తర్వాత పోలిక ప్రాంతాలకూ ఈ సంఘాలను విస్తరించారు. నిధులిచ్చేవాళ్లు ‘సమావేశాలతో ఏమవుతుంది’ అన్నప్పుడల్లా నేను ఈ లెక్క చెబుతుంటాను.

పదో అడుగు: ఫలితం ముందు ఎవరికి?

ఊరికి. తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఐటీడీఏకు, జిల్లా వైద్యాధికారికి. పత్రికలకూ జర్నళ్లకూ ఆ తర్వాతే. ఊరికి చెప్పేటప్పుడు సంతరోజు మంచిది, అన్ని గూడేలవాళ్లూ దిగుతారు. అధికారుల ముందుకు వెళ్లేటప్పుడు మీరు వెనక నిలబడి, లెక్క తీసిన అమ్మాయినే మాట్లాడనివ్వండి. ఆమె తడబడితే సాయం చేయాలని తొందరపడకండి, ఆమే అందుకుంటుంది. వ్యాసం మీద ఆమె పేరు సహరచయితగా ఉండాలా అని ఆమెను అడగండి, వద్దంటే కృతజ్ఞతల్లో ఏ పేరుతో రాయాలో అడగండి. కొందరు ఇంటిపేరు ముందు రాయమంటారు, కొందరు ఊరి పేరే చాలంటారు.

వెళ్లిపోయే ముందు

మిగిలిన నమూనాలను ఒప్పందంలో రాసినట్టు పారవేశామని ఊరి కమిటీకి కాగితం ఇవ్వండి. ఫోనుల్లో ఉన్న వివరాలు వాళ్ల ఎదురుగానే తుడిచేయండి. పట్టికలు, బొమ్మల చార్టులు, ఒప్పందం ప్రతి, ఎవరెవరితో మాట్లాడాలో ఫోను నంబర్లు అన్నీ చెదపట్టని రేకు పెట్టెలో పెట్టి, ఊరు చెప్పిన ఇంట్లో ఉంచండి. తాళం చెవులు రెండు: ఒకటి మహిళా సంఘానికి, ఒకటి లెక్క తీసిన జట్టుకు. ఆరు నెలల తర్వాత ఏ సంతరోజున మళ్లీ వస్తారో సభలో చెప్పి, గోడ మీద మీ సర్వే నంబరు పక్కనే ఆ తేదీ కూడా రాయండి.